తప్పుల తీగ

పోయిన నెల కొత్తకోట బస్టాండు దగ్గర ఆటో దిగుతుంటే కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ ఒకటి కనిపించింది. తెల్ల టోపీ, తెల్ల గడ్డం, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తున్న కళ్లు. ముఖం బాగా తెలిసిందే. కింద పేరు చదివి మాత్రం ఈయనెవరబ్బా అనుకున్నాను. కాసేపటికి గాని వెలగలేదు. మా ఉస్తాద్! ఇరవై ఏళ్లుగా ఎరిగిన మనిషి పేరు ఆయన పోయాక స్తంభం మీద చదివి తెలుసుకున్నాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు ఉంటుంది.

ఫొటోలో పక్కకు ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. హైవే మీద ఏదో లారీ పోతూ ఉండి ఉంటుంది. గేరు మార్చే చప్పుడు వినబడితే చాలు, ఆయన తల దానంతట అదే అటు తిరిగేది. పెళ్లి దావత్‌లో బిర్యానీ తింటున్నా అంతే. “మూడోది అరుస్తాంది,” అని చెయ్యి ఆపి, ఆ లారీ ఊరు దాటేదాకా ఆగి, అప్పుడు మళ్లీ ముద్ద ఎత్తేవాడు.

ఆయనది హైవే పక్కన రేకుల షెడ్డు. బోర్డు లేదు. లారీల గేరుపెట్టెలు, ట్రాక్టర్ల గేరుపెట్టెలు తప్ప వేరే పని పట్టేవాడు కాదు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు, పాత లారీ టైరు మీదే ఆయన దర్బారు. పనివాళ్లను పెట్టుకోలేదు. ఎందుకని అడిగితే, “వచ్చినోడు వచ్చినట్టే పానా పట్టుకుంటడు బిడ్డా. ఊడదీసుడు ఎవలకైనా వస్తది. ఇనుడు రావాలె,” అనేవాడు.

బండి తెచ్చినవాణ్ని ఎదురుగా ఇంకో టైరు మీద కూర్చోబెట్టి, దవాఖానలో డాక్టరు అడిగినట్టు అడిగేవాడు. ఎప్పటిసంది గిట్లయితాంది? అంతకు ముందు ఏమయింది? ఎవలు నడిపిన్రు? ఎక్కుడు కాడనా, దిగుడు కాడనా? చివర్లో ఒక ప్రశ్న మాత్రం తప్పేది కాదు. “ఇంట్ల లొల్లి గిట్ల అయిందా?” కల్వకుర్తి నుంచి పత్తి లోడుతో వచ్చిన ఒక డ్రైవరు ఆ ప్రశ్నకు ఉలిక్కిపడటం నా కళ్లతో చూశాను.

“నీకెవలు చెప్పిన్రు ఉస్తాద్?”

“నీ రెండో గేరు చెప్పింది. పెండ్లాం మీది కోపం దాని మీద తీసినవ్. ముందుగాల ఆమెతోని మాట్లాడు, తర్వాత గేరు సంగతి చూస్త.”

అతను నిజంగానే రోడ్డు మీదికి పోయి ఫోను చేశాడు. వచ్చేసరికి ఉస్తాద్ పని మొదలుపెట్టాడు.

గేరు రాడ్డు మీద ఊరికే చెయ్యి వేసుకుని కూర్చునే డ్రైవర్లంటే ఆయనకు మంట. “అది చేతికర్ర కాదు. పని ఉంటె ముట్టు, లేకుంటె ఇడువు,” అని పెద్ద పెద్ద మీసాలవాళ్లను కూడా కసిరేవాడు. ఇక చాయ్ సంగతి. హోటల్లో ఎప్పుడూ రెండు గ్లాసులు చెప్పేవాడు. ఒకటి తనకు. రెండోది ఇంజను నడుస్తున్న బండి బానెట్ మీద పెట్టి, అందులో చాయ్ ఎలా వణుకుతుందో కళ్లు చికిలించి చూసేవాడు. పరీక్ష అయ్యాక దాన్నీ తనే తాగేవాడు. “బండి ఎట్లనూ తాగదు. దండుగ జెయ్యొద్దు గద,” అనేవాడు.

అన్నిటికంటే వింత ఆయన గోడ. మిగతా మెకానిక్కులు గోడకు పటాలో, సినిమా పోస్టర్లో పెట్టుకుంటారు. ఈయన రెండు మేకుల నడుమ ఇనుప తీగ కట్టి, దానికి వాషర్లు, నట్లు, విరిగిన గేరు పళ్లు గుచ్చాడు. ఒక్కొక్కటి ఒక్కొక్క తప్పు. తను రోగం తప్పు చెప్పిన ప్రతి బండి నుంచీ ఒక ముక్క. కొత్తగా వచ్చినవాళ్లకు వేలు పెట్టి మరీ చూపించేవాడు. “గిది చూడు, బేరింగు పోయిందన్న. పోలే. గిది, పన్ను ఇరిగిందన్న. ఇరగలే, బోల్టు వదులయింది, గంతే.” గీ దండ ఎవలకు ఏస్తవ్ ఉస్తాద్ అని లారీవాళ్లు ఎగతాళి చేస్తే, “నాకే. ఇంక జర పొడుగు కావాలె, మెడల పట్టాలె గద,” అని నవ్వేవాడు.

నేను లెక్కల టీచర్ని. పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీయడమే నా బతుకు. నా తప్పు నేను ఒప్పుకున్న సందర్భాలు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు, అవీ మిగులుతాయి. అందుకే ఆ తీగను చూసినప్పుడల్లా నాకు లోపల కొంచెం గుర్రుగానే ఉండేది. ఇదంతా వేషం, చిన్నచిన్న తప్పులు గోడకు తగిలించుకోవడం ఎవరికైనా సులువే, పెద్దది వచ్చినప్పుడు చూద్దాం ఈయన సంగతి అనుకునేదాన్ని.

ఇక్కడ మా బాపు బండి గురించి చెప్పాలి.

బాపు హైదరాబాదులో ఒక డాక్టరుగారి దగ్గర ముప్పై ఏళ్లు డ్రైవరు. రాష్ట్రం వచ్చిన ఏడాది ఆ డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి, తను ముచ్చటపడి దాచుకున్న పాత కారును బాపు చేతిలో పెట్టారు. పరదేశపు బండి. ఎర్రది, పైకప్పు లేదు, రెండే సీట్లు. ఎక్కితే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. మా వాడకట్టు పిల్లలు దానికి తొట్టి కారని పేరు పెట్టారు. బతుకంతా వెనకసీటు వాళ్ల కోసం నడిపిన మనిషి, వెనకసీటే లేని బండికి ఓనరయ్యాడు. సాయంత్రం పూట ధోవతి ఎగ్గట్టి, హైవే మీద పెబ్బేరు దాకా పోయి వచ్చేవాడు. నన్నూ నడపనివ్వు బాపూ అని అడిగితే మొదటిసారి వినబడేది కాదు. ఆయనకు కుడి చెవి కాస్త మందం, ఏదైనా రెండుసార్లు చెప్పాలి. రెండోసారి వినబడ్డాక, “నీకు గేర్లు రావు బిడ్డా,” అని ముద్దుగా కొట్టిపారేసేవాడు. ఆ పంతంతోనే నేను తర్వాత కారు నేర్చుకున్నాను.

ఏడాదిన్నర నడిపాడు. ఒకరోజు బండిని కొట్టంలో పెట్టి, తాళంచెవి అమ్మ చేతికిచ్చి, “ఇంక చాలు. గేర్లు పడుతలేవు. చేతుల సత్తువ పోయింది,” అన్నాడు. మళ్లీ ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన ఉన్నట్టుండి ముసలివాడైపోయాడు. అటక మీది గిన్నె అందుకోమన్నా, “నా చేతులు పనికిరావు, ఇంకెవలనన్న పిలువు,” అనేవాడు. అరుగు మీద కూర్చుని అరచేతులు చూసుకునేవాడు. మూడేళ్ల తర్వాత పోయాడు. బండి కొట్టంలోనే పత్తి బస్తాల వెనక ఆరేళ్లు పడి ఉంది.

ఆ సీట్లో కూర్చుని ఒక్కసారన్నా దాన్ని రోడ్డెక్కించాలని నాకు ఒకటే కోరిక. తమ్ముడు హైదరాబాదు నుంచి ఒక మెకానిక్కును తెచ్చాడు. చేతిలో ల్యాప్‌టాప్. ఆ బండిలో దాన్ని తగిలించే జాగా ఎక్కడా లేకపోయేసరికి అతని ధైర్యం సగం చచ్చింది. అయినా పాపం కొత్త బ్యాటరీ పెట్టి, ట్యాంకు కడిగి, ఇంజను లేపాడు. గేరు వేయబోతే మాత్రం గరగరమని పళ్లు నూరింది. ఏ గేరూ పడలేదు. “గేర్‌బాక్స్ పోయింది మేడం. దీని పార్టులు మన దగ్గర దొరకవు,” అన్నాడు. తమ్ముడు అక్కడికక్కడే పాత ఇనుము లారీకి ఫోను చేసేశాడు. శుక్రవారం పొద్దున వచ్చి ఎత్తుకుపోతారట. అది సోమవారం.

నేను ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నన్నూ టైరు మీద కూర్చోబెట్టాడు.

“ఇంజన్ నడుస్తుంటె గేరు పడుతలేదు. మంచిది. బందు చేస్తె?”

“అది చూడలేదు ఉస్తాద్.”

“పోయి చూసి రా.”

ఇంటికి పోయి, ఇంజను ఆపి, గేర్లు వేసి చూసి మళ్లీ వచ్చాను. “పడుతున్నయ్. నాలుగూ పడుతున్నయ్, రివర్సు గూడ. జర మొండిగ.”

“సచ్చిన పెట్టెల గేర్లు పడుతయా?”

ఇంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదని సిగ్గేసింది.

“బర్రెకు జొరమొస్తె ఎద్దుకు వాత పెట్టవట్టిన్రు,” అన్నాడు. “పెట్టె మంచిగనే ఉన్నది. ఇంజనుకు, పెట్టెకు నడుమ క్లచ్ ప్లేటు ఉంటది గద. ఆరేండ్లు కదలలే. బెల్లం డబ్బకు మూత అతుక్కున్నట్టు తుప్పు పట్టి అతుక్కున్నది. నువ్వు క్లచ్ తొక్కుతున్నవ్, అది ఇడువుతలేదు. ఫికర్ జెయ్యకు, ఇడిపిద్దాం.”

మంగళ, బుధవారాలు మా కొట్టంలోనే కూర్చుని బ్రేకులు, టైర్లు చూశాడు. ఆగుడు రాని బండిని ఉరికియ్యొద్దన్నది ఆయన మాట. గురువారం పొద్దున నలుగురం కలిసి బండిని మా చెలకకు పోయే మట్టి బాట మీదికి తోశాం. ఉస్తాద్ పక్కసీట్లో ఇరుక్కుని కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. నన్ను స్టీరింగ్ దగ్గరికి పొమ్మన్నాడు.

“నేనా?”

“బండి ఎవలది?”

ముందు ఇంజను కాస్త వేడెక్కనిచ్చి ఆపించాడు. రెండో గేరు వేయించాడు. క్లచ్ నేలకు తొక్కి పట్టి తాళం తిప్పమన్నాడు. తిప్పాను. బండి ఎగిరి దూకి బాట పట్టింది. క్లచ్ తొక్కే ఉన్నాను, అయినా పోతూనే ఉంది.

“రేసియ్యి!” అని అరిచాడు ఉస్తాద్. “ఇడువు! మళ్ల రేసియ్యి! ఇడువు!”

ఎక్సలేటరు తొక్కుతున్నాను, వదులుతున్నాను. బండి ముందుకూ వెనక్కూ ఊగుతూ దుమ్ము లేపుకుంటూ పోతోంది. అంతలో ఎదురుగా బాట నిండా గొర్ల మంద. నేను దేవుళ్లందరినీ పిలిచాను. ఉస్తాద్ ఒక చెయ్యి తాళం మీద ఉంచి, “అవసరం పడితె నేను బందు జేస్త. నువ్వు రేసియ్యి!” అన్నాడు. ఇచ్చాను. కింద ఎక్కడో ఠప్పుమని ప్లేటు విడింది. ఇంజను ఒక్కటే హోరుమంది, బండి దానిపాటికది తేలిపోయింది. బ్రేకు తొక్కాను. ముందున్న గొర్రె హెడ్‌లైటును వాసన చూసేంత దూరంలో ఆగాం.

“ఏందక్కా, తొట్టిల కూసోని యాడికి పోతున్నరు?” అన్నాడు మంద కాసే గొల్లాయన.

ఉస్తాద్ నవ్వీ నవ్వీ లేవలేకపోయాడు. చివరికి నేనూ గొల్లాయనా చెరో రెక్క పట్టి బయటికి లాగాం.

ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. ఇంజను నడుస్తుండగానే గేర్లు పడుతున్నాయి. తమ్ముడికి ఫోను చేసి పాత ఇనుము లారీ వద్దని చెప్పించాను. వాకిట్లో అందరం సంబరంగా ఉన్నాం, ఉస్తాద్ తప్ప. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని రెండు వేళ్లతో గేరు రాడ్డు కదిలిస్తూ ముఖం చిట్లించాడు.

“రెండోది మొండిగ ఉన్నది. గట్ల ఉండొద్దు.”

“నడుస్తాంది గద ఉస్తాద్, చాలదా?”

“నడుసుడు ఏరే, మంచిగ నడుసుడు ఏరే.”

బండి కిందికి దూరి గేరుపెట్టె అడుగు బోల్టు విప్పాడు. డబ్బాలోకి నూనె పాకంలా సాగుతూ దిగింది. వేళ్ల నడుమ రుద్దాడు, వాసన చూశాడు. బండితో వచ్చిన కితాబు ఏదైనా ఉందా అని అడిగాడు. సీటు ముందరి అరలో, బాపు తుడుచుకునే గుడ్డల కింద, ఇంగ్లీషు పుస్తకం దొరికింది.

“గేరుపెట్టెల ఏం నూనె పొయ్యాలని రాసిన్రో సదువు.”

వెతికి చదివి, మన మాటల్లో చెప్పాను. “ఇంజన్ల పోసే సన్న నూనెనే దీంట్ల గూడ పొయ్యాలంట. చిక్కటి గేరు నూనె పొయ్యొద్దంట.”

“ఇంకోసారి సదువు.”

చదివాను. నేను తెచ్చి బానెట్ మీద పెట్టిన రెండు గ్లాసుల చాయ్ అట్లాగే చల్లారిపోతోంది. ఆయన చాయ్ దండుగ చేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

నాకు ఒళ్లు మండింది. “ఎవడో తలకాయ లేనోడు పోసినట్టున్నడు ఉస్తాద్,” అన్నాను.

“నేనే పోసిన బిడ్డా.”

బండి వచ్చిన మరుసటి ఏడు బాపు గ్రీజు పెట్టించడానికి దాన్ని షెడ్డుకు తీసుకుపోయాడట. పెట్టెలో నూనె నీళ్లలా ఉండటం చూసి, ఎవరో తన దోస్తును, అంటే మా బాపును, మోసం చేశారనుకున్నాడు ఉస్తాద్. మా దగ్గర ఉన్నవన్నీ ట్రాక్టర్లు, లారీలు. గేరుపెట్టె అంటే చిక్కటి నూనె, ఎంత చిక్కగా ఉంటే అంత మేలు. అందుకని తన దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే చిక్కటి ట్రాక్టరు నూనెను ప్రేమగా నిండా పోసి పంపించాడు.

“ఊరందరినీ అడుగుత, అప్పుడేమయింది, ఇప్పుడేమయింది అని. దోస్తును ఒక్క మాట అడగలే. కితాబు బండిలనే ఉండె.” అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. “మీ బాపు బండి ఎందుకు ఇడిసిపెట్టిండు?”

నేను చెప్పకుండా ఉండాల్సింది. నోరు ఆగలేదు. “గేర్లు పడుతలేవు, చేతుల సత్తువ పోయింది అన్నడు.”

ఉస్తాద్ నూనె అంటిన తన చేతులు చూసుకున్నాడు. నూనె మీద ఎవరి పేరూ రాసి ఉండదు. ఆయన నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలిసేది కాదు.

“మీ బాపు చెయ్యి మంచిగనే ఉండె,” అన్నాడు. “చెడగొట్టింది నేను. ఆయన నాకు చెప్పలే, చెప్తె ముసలోడైనట్టు ఒప్పుకోవాలె. నేను అడగలే. చెయ్యి పడిపోయిందని అనుకుంటనే పోయిండు గద బిడ్డా.”

నాకు కోపం వచ్చింది, దాచడమెందుకు. అరుగు మీద అరచేతులు చూసుకుంటూ కూర్చున్న బాపు గుర్తొచ్చాడు. మూడేళ్లు! గట్టిగా ఏదో అనబోయాను. అప్పటికే ఉస్తాద్ మళ్లీ బండి కిందికి దూరి, అడుగు బోల్టుకున్న రాగి వాషర్‌ను గోటితో ఊడదీసి, జేబురుమాలుతో తుడిచి చొక్కా జేబులో వేసుకున్నాడు. “దీనికి కొత్తది ఏస్త. పాతది నాకు కావాలె,” అన్నాడు. అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. వేషం అనుకున్న నా తెలివికి నాకే చీదర పుట్టింది. కోపం పూర్తిగా పోలేదు గానీ, దాన్ని పట్టుకుని ఆయన ముందు నిలబడలేకపోయాను. చల్లారిన చాయ్ తీసుకుపోయి వేడిచేసి తెచ్చాను. ఈసారి రెండు గ్లాసులూ ఆయనే తాగాడు.

సన్న నూనె పోశాక రెండో గేరు రెండు వేళ్లకు పడింది.

శుక్రవారం పొద్దున, పాత ఇనుము లారీ రావాల్సిన వేళకు, ఉస్తాద్ తలస్నానం చేసి ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. నమాజు వేళ కన్నా చాలా ముందే. “బండి తియ్యి,” అన్నాడు.

“యాడికి ఉస్తాద్?”

“మీ బాపు కాడికి.”

బాపును మా చెలక గట్టునే మట్టిలో పెట్టాం. బండిని ఆ దిబ్బ పక్కదాకా తీసుకుపోయి ఆపాను. ఇంజను ఆపొద్దన్నాడు. దిగి, తల వైపు నిలబడి, సంతలో పిలిచినట్టు గట్టిగా పిలిచాడు.

“అరె భాయ్, నీ చెయ్యికి ఏం కాలే. తప్పు నూనె నేను పోసిన. ఇగో, ఇను.” నా వైపు తిరిగాడు. “రెండోది ఎయ్యి.”

వేశాను. మెత్తగా పడింది.

“చప్పుడే వస్తలేదు గద ఉస్తాద్. బాపుకు ఎట్ల ఇనబడ్తది?”

“చప్పుడు రాకుంటెనే ఎరుకయితది. డ్రైవరు గాదు? తీసి మళ్ల ఎయ్యి.”

తీసి వేశాను.

“ఇంకోసారి. కుడి చెవి మందం గద ఆయనకు.”

మూడోసారికి నేను ఏడుస్తున్నాను, ఆయన నవ్వుతున్నాడు, ఆయన గడ్డం కూడా తడిసింది.

ఫ్లెక్సీ చూసిన మధ్యాహ్నం షెడ్డు దాకా నడిచాను. తలుపు మూసి ఉంది. రేకుల సందులోంచి తీగ కనిపించింది. మా రాగి వాషర్ చివరిది కాదు, దాని పక్కన ఇంకో నాలుగు ఉన్నాయి. అవి చూసి ఎందుకో ప్రాణం కుదుటపడింది. ఇంటికి పోయి బాపు కారు తీసి, ఉస్తాద్‌ను పెట్టిన ఖబరస్తాను గోడ వారగా ఆపాను. ఇంజను నడుస్తుండగా రెండో గేరు వేశాను. మెత్తగా పడింది. రెండోసారి వేయబోయి ఆగిపోయాను. ఉస్తాద్ చెవులు బాగానే పనిచేసేవి, ఒక్కసారి చాలు.